కోరి తెచ్చుకొన్న ఓటమి, కోరకయే పుట్టిన నవ్వు

మా పాఠశాలకు వచ్చు తల్లిదండ్రులు పిల్లల చదువుసంధ్యలను గూర్చి ముచ్చటించుచు, ఇటీవల తరచుగా ఒక ప్రశ్న వేయుచున్నారు. పిల్లవాడు కంప్యూటరు మీదనో సెల్‌ఫోనులోనో విమానము నడుపు ఆట నాడును. విమానమును క్షేమముగా నేలకు దింపుట వానికి చక్కగా తెలియును. తెలిసియు, కావలెనని దానిని కొండకు కొట్టించి, పొట్ట చేతబట్టుకొని నవ్వును. మరల మొదటినుండి ఆడి, మరల కొట్టించి, మరల నవ్వును. గెలువగలవాడు ఓటమిని ఏల కోరవలెను? ఇది బుద్ధిమాంద్యమా, దుర్బుద్ధియా, కాక కేవలము కాలహరణమా? అని వారి సందేహము.

ఈ సందేహము త్రోసిపుచ్చదగినది కాదు. పిల్లలు దేనిని చూచి నవ్వుదురో తెలిసికొన్నచో, వారి మనస్సు ఏ దారిని పోవుచున్నదో కొంత తెలియును. అంతియేకాక, ఓటమిని చూచి నవ్వగల శక్తికిని, మన పిల్లలు మాతృభాషను నోరార మాటలాడుటకును ఒక సంబంధము గలదని మేము తలచుచున్నాము. ఆ సంబంధమును తుదకు విన్నవింతుము. ముందుగా విషయమును క్రమముగా పరిశీలింతము.

ఓడువారిలో భేదములు

గంభీరమైన వీడియో ఆట యనగా, కర్త నవ్వించుటకై గాక, ఒక పనిని శ్రద్ధతో చేయించుటకై కల్పించిన ఆట. ప్రయాణము, గృహనిర్వహణము, నేరపరిశోధనము మొదలగునవి దానికి వస్తువులు. నవ్వించుటకే చేసిన ఆటలును లేకపోలేదు. 2013వ సంవత్సరమున వెలువడిన ‘సర్జన్ సిమ్యులేటర్’ అను ఆటలో వైద్యుని చేతిని నడుపుట మిక్కిలి కష్టము. కత్తి పట్టబోయిన గడియారము క్రిందపడును. అచ్చటి నవ్వు కర్తలు ముందుగనే వండి వడ్డించినది. మనము విచారించునది అది కాదు. కర్త కోరనిదియు, ఆటగాడు కోరి ఓడుటవలన పుట్టినదియు నైన నవ్వే మన విషయము.

ఆటలో గెలువనివారందరు నొక తెగవారు కారు. కెనడాలో తత్త్వశాస్త్రము బోధించిన బెర్నార్డ్ సూట్స్ అను పండితుడు 1978లో వెలువరించిన ‘ది గ్రాస్‌హాపర్’ అను గ్రంథమున వారిని చక్కగా వేరుపరచి చూపెను. మోసగానికి గమ్యము కావలెను, నియమములు అక్కరలేదు. ఆట చెడగొట్టువానికి గమ్యమును అక్కరలేదు, నియమములును అక్కరలేదు. మూడవవాడొకడు గలడు. వాడు నియమములనన్నిటిని పాటించును గాని గమ్యమును మాత్రము లెక్కచేయడు. వీనిని మనము ‘చిలిపి ఆటగాడు’ అందము. విమానమును కొండకు కొట్టించు పిల్లవాడు ఈ మూడవ తెగవాడు. వాడు ఆటను చెడగొట్టుట లేదు. ఆట తనకిచ్చిన మీటలతోనే, ఆట యొప్పుకొన్న పద్ధతిలోనే, ఆట కోరని చోటికి పోవుచున్నాడు.

ఈ చిలిపితనము మనకు క్రొత్త కాదు. రాయలవారు ఎలుకల బాధ తీర్చుటకై ఇంటింటికి ఒక పిల్లిని, దానికి పాలకై ఒక ఆవును ఇప్పించిన కథ మన ఇండ్లలో చెప్పుకొనునదియే. అందరును తమ పిల్లులను పోటీపడి బలియజేయగా, తెనాలి రామకృష్ణుడు తన పిల్లికి మొదటనే కాగిన పాలు పెట్టెను. మూతి కాలిన ఆ పిల్లి అటుపై పాలగిన్నెను చూచినంతనే పరుగిడెను. పోటీ నియమములలో నొక్కదానిని ఆయన మీరలేదు. పిల్లికి పాలు పెట్టక మానలేదు. అయినను సభలో ఓడినవాడు ఆయనయే, నవ్వినవారు అందరును, ఇంటిలో పాలు త్రాగినవాడును ఆయనయే.

మూడు ఉదాహరణములు

మొదటిది పాఠశాలకే చెందినది. 1971లో అమెరికా దేశమున మిన్నెసోటా రాష్ట్రములో ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న డాన్ రావిట్ష్, బిల్ హైనెమన్, పాల్ డిల్లెన్‌బర్గర్ అను ముగ్గురు యువకులు చరిత్ర పాఠము కొరకు ‘ది ఆరెగాన్ ట్రైల్’ అను ఆటను కూర్చిరి. పందొమ్మిదవ శతాబ్దమున గూడుబండ్లలో సుమారు 2000 మైళ్ళు పయనించి పడమటి తీరమునకు వలసపోయిన కుటుంబముల కష్టములను పిల్లలకు తెలియజేయుట వారి ఉద్దేశము. అప్పటి ఆటకు తెర లేదు; టెలీటైపు యంత్రము కాగితముపై అచ్చుకొట్టిన మాటలే ఆట. 1970 దశకపు ప్రతులలో వేటాడుటకు ఒక మాటను తప్పులేకుండ, త్వరగా టైపు చేయవలసి యుండెను. 1985లో బొమ్మలతో క్రొత్త ప్రతి వెలువడి అమెరికా పాఠశాలలందు మిక్కిలి వ్యాపించెను.

ఆ ఆట ఎంత గంభీరమైనదో పిల్లలు దానిని అంత చిలిపిగా ఆడిరి. బండిలోని వారికి తమ స్నేహితుల పేర్లను, ఉపాధ్యాయుల పేర్లను పెట్టిరి. ఉన్న ధనమంతయు తూటాలకు వెచ్చించి అడవిదున్నలను గుంపులుగా కూల్చిరి. ఎంత కూల్చినను బండికి మోసికొని రాగలది 100 పౌండ్ల మాంసము మాత్రమే. లోతు తెలిసియు బండిని నదిలోనికి దింపిరి. అప్పుడు ఆ యంత్రము ఏ భావమును లేక, ఫలానావారు జిగట విరేచనములతో మరణించిరని ఒక్క వాక్యమున చెప్పి ఊరకుండెడిది. సమాధిపై వ్రాత వ్రాయు అవకాశము సైతము ఉండుటచే, తరువాత ఆడువారికి మునుపటివారి చిలిపి వ్రాతలు దారిలో కనబడెడివి. వలసవారి మృత్యువును తెలుపుటకై చేసిన వాక్యము ఆ దేశమున ఒక తరమువారికి పరిహాసపు మాటగా నిలిచిపోయినది.

రెండవది సంసారమును నడుపు ఆట. విల్ రైట్ అను ఆటకర్త ఇల్లు 1991లో ఓక్లాండ్ కొండలలో చెలరేగిన మంటలలో కాలిపోయెను. సంసారమునకు వలయు వస్తువులను ఒక్కొక్కటిగా మరల కూర్చుకొనుచుండగా కలిగిన ఆలోచనలనుండి, 2000లో వెలువడిన ‘ది సిమ్స్’ అను ఆట రూపొందెను. అందులో ఇల్లు కట్టి, బొమ్మమనుష్యులకు తిండి, నిద్ర, ఉద్యోగము, స్నేహము అమర్చవలెను. అయితే ఆటగాండ్రు త్వరలోనే ఒక సంగతి కనిపెట్టిరి. ఒక బొమ్మమనిషి ఈతకొలనులో దిగిన పిమ్మట నిచ్చెనను తీసివేసినచో, వాడు గట్టు పట్టుకొని పైకి రాజాలడు. ఈది ఈది అలసి మునిగిపోవును. రెండడుగుల గట్టు ఎక్కలేక మడిసిన ఆ మనిషిని చూచి లోకమంతయు నవ్వినది. 2009లో వచ్చిన మూడవ ఆటలో బొమ్మమనుష్యులు నిచ్చెన లేకున్నను పైకెక్కగలుగునట్లు కర్తలు మార్చిరి. అంతట ఆటగాండ్రు కొలను చుట్టును గోడ కట్టుట మొదలిడిరి!

మూడవది పెద్దలు మాత్రమే ఆడదగిన నేరపరిశోధనపు ఆట. 2011లో వెలువడిన ‘ఎల్.ఏ. నోయిర్’ 1947నాటి లాస్ ఏంజిలిస్ నగరమును చూపును. నటుల ముఖములను 32 కెమెరాలతో చిత్రించి, సాక్షి కనుబొమ ముడిచినను ఆటగాడు గమనించునట్లు ఎంతో శ్రమతో దానిని నిర్మించిరి. సాక్షి మాట విన్న పిమ్మట ‘నిజము’, ‘సందేహము’, ‘అబద్ధము’ అను మూడింటిలో నొకదానిని ఎంచుకొనవలెను. కాని, నటుల సంభాషణలు రికార్డు చేయునాటికి ఆ రెండవదాని పేరు ‘సందేహము’ కాదు. గట్టిగా గద్దించుటను తెలుపు మాట. పేరు తరువాత మారినది, కంఠస్వరము మారలేదు. కావున మర్యాదగా కూర్చున్న పరిశోధకుడు, ఆటగాడు ‘సందేహము’ను నొక్కినంతనే దుఃఖములో నున్న సాక్షిపై ఉన్నట్టుండి విరుచుకపడును. ఇది తెలిసిన ఆటగాండ్రు కావలెనని తప్పు సమాధానములనే ఎంచుకొని నవ్వసాగిరి. 2017లో ఆ ఆటను మరల విడుదల చేసినప్పుడు ఆ పేర్లను ‘మంచి పోలీసు’, ‘చెడ్డ పోలీసు’, ‘నేరారోపణ’ అను అర్థము వచ్చునట్లు మార్చిరి. ఒక్క మాట తప్పుగా నుండుటవలన కోపము హాస్యమైన తీరు ఇది.

నవ్వునకు కారణము

ఈ మూడింటియందును సమానమైన దేమి? మరణము, ఆపద, దుఃఖము కలవు. అవి కరుణమును పుట్టింపవలసినవి. నవ్వు ఎచ్చటనుండి వచ్చినది?

భరతముని నాట్యశాస్త్రమున హాస్యమునకు వికృతమైన వేషము, మాట, చేష్ట మొదలగువానిని కారణములుగా చెప్పెను. దానికి వ్యాఖ్యానము వ్రాసిన కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు ఇంకను లోతునకు పోయి, ఏ రసమైనను తగని చోట, తగని రీతిలో కనబడి ఆభాసమైనచో అది హాస్యమునకు దారితీయునని వివరించెను. అనగా హాస్యమునకు మూలము అనౌచిత్యము. శోకవార్తను వానవార్త వలె చెప్పు యంత్రము ఎదుట కరుణము నిలువజాలదు.

ఫ్రెంచి తత్త్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్ 1900లో నవ్వును గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. ప్రాణమున్న మనిషి సందర్భమునుబట్టి మెలగవలసినచోట యంత్రము వలె బిగిసి మెలగినప్పుడు మనకు నవ్వు వచ్చునని ఆయన సిద్ధాంతము. గట్టు ఎక్కలేని బొమ్మమనిషి దీనికి మంచి నిదర్శనము. మనకు ఈ సంగతి పరమానందయ్య శిష్యుల వలన ఎప్పుడో తెలిసినదే. గురువు సూది తెమ్మన్నచో దానిని తాటిదుంగకు గ్రుచ్చి అందరును కలిసి మోసికొని వచ్చినవారు వారు. తమిళనాట పెరుగుచున్న మన పిల్లలకు పరమార్థ గురువు కథలుగా ఈ కోవకు చెందినవే పరిచితములు. కంప్యూటరు పరమానందయ్య శిష్యులలో కడు విధేయుడు. చెప్పినది చెప్పినట్లు, పరమ గంభీరముగా, ఏమాత్రము జంకక చేయును. చెప్పనిది ఊహించుకొనదు.

ఇక కర్త కోరని హాస్యమునకు మన నాటకశాలలే సాక్షి. పద్యనాటకమున యుద్ధములో నేలకొరిగిన వీరుడు మరణించుచు పద్యము చదువును. జనులు పరవశించి ‘వన్స్‌మోర్’ అందురు. వీరుడు లేచి నిలువబడి, ఆ పద్యమునే మరల రాగము తీసి చదివి, మరల మరణించెనని పెద్దలు ముచ్చటగా చెప్పుకొందురు. కవి నవ్వింపదలచలేదు, నటుడును నవ్వింపదలచలేదు. మరణమునకు పునరావృత్తి లేదని లోకనియమము. మెచ్చుకొన్నచో మరల చదువవలెనని రంగస్థల నియమము. రెండును ఢీకొనగా నవ్వు పుట్టినది. వీడియో ఆటలో ‘మరల ఆరంభించు’ అను మీట ఉన్నంతకాలము అందలి ప్రతి మరణమును వన్స్‌మోర్ మరణమే.

పిల్లలు దీనివలన నేర్చునది

డెన్మార్కు దేశీయుడైన యెస్పర్ యూల్ అను పండితుడు 2013లో ‘ది ఆర్ట్ ఆఫ్ ఫెయిల్యూర్’ అను గ్రంథమున ఒక విచిత్రమును చర్చించెను. జీవితమున ఓటమిని తప్పించుకొని తిరుగు మనుష్యులే, ఓటమి తప్పదని తెలిసియు ఆటలను వెదకికొని పోవుదురు. చిలిపి ఆటగాడు మరియొక అడుగు ముందునకు వేయును. ఓటమి తనకు ఎదురు వచ్చువరకు ఆగక, తానే దానికి ఎదురేగును.

అట్లు ఎదురేగుటలో ఒక పరిశోధన గలదు. నిచ్చెన తీసినచో ఏమగును? బండిని లోతునకు నడిపినచో ఏమగును? ఈ ప్రశ్నలు వేయువాడు నియమమునకును దాని ఫలితమునకును గల సంబంధమును తన చేతితో తాకి చూచుచున్నాడు. గెలుచుటకే ఆడువాడు ఒక్క దారిని నేర్చును. ఓడి చూచువాడు ఆ దారికి ఇరుప్రక్కల నున్న గోతులను సైతము ఎరుగును. కంప్యూటరు ప్రోగ్రాములను విడుదలకు ముందు పరీక్షించు ఉద్యోగులు చేయు పనియు ఇట్టిదే. వారు కావలెనని తప్పుడు అంకెలను ఇచ్చి, నొక్కరాని మీటలను నొక్కి, యంత్రము ఎచ్చట తడబడునో కనుగొందురు.

అయితే ప్రతి ఓటమియు చిలిపి ఓటమి కాదు. ‘ఆడలేక మద్దెల ఓడు’ అన్నట్లు, చేతగాక ఓడి, కావలెననియే ఓడితినని చెప్పు పిల్లలును కలరు. వారిని గుర్తించుట కష్టము కాదు. ఒక్కసారి గెలిచి చూపుమని అడిగినచో చిలిపివాడు గెలిచి చూపును. ఎట్లు ఓడితివని అడిగినచో ఉత్సాహముతో వివరించును. రెండవవాడు మొగము ముడుచుకొని మాట దాటవేయును. వానికి కావలసినది మందలింపు కాదు. ప్రక్కన కూర్చుండి తోడ్పడు పెద్దదిక్కు.

పాటింపవలసిన హద్దులు

ఓటమి నవ్వుగా మారుటకు ముఖ్యమైన నియమమొకటి గలదు: దానివలన ఎవరికిని నష్టము కలుగరాదు. కావున ఈ క్రింది హద్దులను తల్లిదండ్రులు గమనింప ప్రార్థన.

ఒకటి. నలుగురు కలిసి జట్టుగా ఆడునప్పుడు ఒకడు కావలెనని ఓడుట చిలిపితనము కాదు, ద్రోహము. తక్కిన ముగ్గురి శ్రమను వాడు తన నవ్వునకు ఖర్చుపెట్టుచున్నాడు.

రెండు. డబ్బు ఒడ్డి ఆడు ఆటలో నవ్వదగిన ఓటమి లేదు. ఇంటర్నెట్టు ద్వారా డబ్బు ఒడ్డి ఆడు ఆటలను నిషేధించుచు 2025లో మన పార్లమెంటు చట్టము చేసినది. పిల్లల సెల్‌ఫోనులో అట్టివి ఉన్నచో తక్షణమే తొలగింపవలెను.

మూడు. ప్రతి ఆటకును తగిన వయస్సును సూచించు అంకె దాని వివరములలో ఉండును. పైన చెప్పిన నేరపరిశోధనపు ఆట వంటివి పిల్లల చేతికి రాదగవు.

నాలుగు. బొమ్మ పడినందుకు నవ్వుట వేరు, మనిషి పడినందుకు నవ్వుట వేరు. వీధిలో కాలుజారిన వృద్ధుని చూచియు పిల్లవాడు అట్లే నవ్వినచో, ఆ రెండింటికిని గల భేదమును వెంటనే, శాంతముగా బోధింపవలెను.

మన భాషకు దీని ఉపయోగము

ఇప్పుడు మొదట చెప్పిన సంబంధమునకు వత్తుము. తరతరములుగా పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన మన కుటుంబములలో పిల్లలు బడిలో రాష్ట్రభాషను, ఇంగ్లీషును, ఇంటిలో తాతముత్తాతలనాటి తెలుగును మాటలాడుదురు. మూడును కలియుట సహజము. ఆంధ్రనుండియో తెలంగాణమునుండియో చుట్టములు వచ్చినప్పుడు పిల్లవాడు ఒక మాట తప్పుగా అనును, అందరును గొల్లుమందురు. ఆ నవ్వులో ద్వేషము లేదు. కాని పిల్లవాడు ఆ దినమునుండి తెలుగులో అడిగిన ప్రశ్నకు మరియొక భాషలో జవాబు చెప్పుట మొదలిడును. మన భాష మన ఇండ్లలో సన్నగిల్లుటకు బడులు తగ్గుట, పుస్తకములు దొరకకుండుట కారణములే. ఈ చిన్న నవ్వు సైతము ఒక కారణము.

గమనింపుడు. విమానమును నూరు పర్యాయములు కూల్చినను జంకనివాడు ఒక విభక్తి తప్పిపోవునేమో యని నోరు మెదపడు. భేదమెచ్చట? అచ్చట నవ్వు వాని చేతిలో నున్నది. ఇచ్చట ఇతరుల చేతిలో నున్నది. ఆ నవ్వును వాని చేతికి తిరిగి ఇచ్చినచో భయము తొలగును. అందులకు రెండు అభ్యాసములను సూచించుచున్నాము.

మొదటిది, రాత్రి భోజనమువేళ పిల్లవానిచే ఆ దినపు ఓటమి కథను తెలుగులో చెప్పింపుడు. ఎట్లు మొదలిడితివి? ఏమి చేసితివి? ఎందుచేత మునిగినది? అని అడుగుడు. ఓటమిని చెప్పుటకు కారణము, కాలము, క్రమము అన్నియు కావలెను. కావున వాక్యములు తమంతట పెరుగును. నిచ్చెన, గట్టు, రేవు, ఇరుసు, లోతు మొదలగు మాటలు అవసరమునుబట్టి వచ్చి నాలుకపై నిలుచును. నడుమ తప్పు దిద్దకుడు. కథ ముగిసిన పిమ్మట సరియైన మాటను మీ వాక్యములో ఒకసారి వాడిన చాలును.

రెండవది, భాషలోనే కావలెనని ఓడు ఆట. తెలుగున ఏకవచనమున అమ్మ వచ్చినను, పిల్లి వచ్చినను క్రియ ‘వచ్చింది’ అనియే ఉండును. తమిళమునను కన్నడమునను ఆ రెండింటికి వేరువేరు రూపములు గలవు. తెలుగు బహువచనమున మాత్రము అమ్మలు ‘వచ్చారు’, పిల్లులు ‘వచ్చాయి’. మన పిల్లలు తడబడు చోట్లలో ఇది యొకటి. కావున పెద్దలే మొదట గంభీరముగా, “తాతగారు వచ్చింది, పిల్లి వచ్చారు, అత్తయ్యలు పాలు త్రాగి గోడ దూకాయి” అని చెప్పవలెను. పిల్లలు పకపక నవ్వుదురు. ఏల నవ్వితిరని అడుగుడు. కారణము చెప్పుటయే వ్యాకరణ పాఠము. పిదప వారినే తప్పు వాక్యములు కల్పింపుమనుడు. తప్పును కావలెనని చేయవలెనన్నచో ఒప్పు తెలిసియుండవలెను గదా!

పిల్లవాడు తప్పు చేసినప్పుడు ముందుగా తానే నవ్వి, ఆపై తానే దిద్దుకొనగల ఇల్లు భాషకు మంచి నేల. అట్టి నేలను సిద్ధము చేయుట పాఠశాల యొక్కటే చేయగల పని కాదు. ఈ సంవత్సరము మా పిల్లల ఇండ్లలో వారమున కొక్క రాత్రియైనను ఈ అభ్యాసములు జరుగునట్లు తల్లిదండ్రులు సహకరింతురని మేము ఆశించుచున్నాము.